తకిట టీచరు కుడికాలు

గడియారాలు బాగుచేసే దుకాణం పైన డాన్సు క్లాసు ఉండటం ఎవరికీ మంచిది కాదు. గడియారాలకు అసలే మంచిది కాదు. కింద తమ్ముడు కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజలో సగమున్న మరను పట్టుకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి దాని చోట పెట్టబోయే సరికి, పైన ఇరవైమంది పిల్లలు ఒక్కసారిగా కాలు నేలకేసి కొట్టేవారు. మర ఎటో ఎగిరిపోయేది. ఆయన బల్ల కింద దూరి వెతుక్కునేవాడు. వెతికి వెతికి విసుగొచ్చి మెట్ల దగ్గర నిలబడి, "అక్కా, నీ శిష్యురాళ్ళు నా పాలిట భూకంపాలు" అని అరిచేవాడు. పైనుంచి అక్క, "భూకంపానికి లయ ఉండదురా. మావాళ్ళకి ఉంది" అనేది. ఈ సంభాషణ వారానికి రెండుసార్లయినా జరిగేది. ఇద్దరిలో ఎవరూ దుకాణం గానీ క్లాసు గానీ మార్చే ప్రయత్నం చేయలేదు.

ఆ అక్కను వీధంతా తకిట టీచరు అనేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది, దానితో ఎవరికీ పనిపడలేదు. వయసు అరవై ఒకటి. సన్నగా, నిటారుగా ఉండేది. కూరగాయల కొట్టు ముందు నిలబడినా ఆమె పాదాలు రెండూ చెరో పక్కకి తిరిగి ఉండేవి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, తీరిక దొరకలేదని చెప్పేది. తీరిక దొరికే వేళకి ఆసక్తి పోయిందని, ఆసక్తి ఉన్న రోజుల్లో వచ్చినవాడికి లయ లేదని కూడా చెప్పేది, అడిగినవాళ్ళు ఇంకా అక్కడే నిలబడి ఉంటే.

ఏడేళ్ళప్పుడు కాలికి గజ్జె కట్టింది. ఇరవై నాలుగేళ్ళ దాకా వేదికల మీద ఆడింది, బాగా ఆడింది. అప్పుడు ఆమె గురువుగారికి జబ్బు చేసింది. "ఒక్క వారం నా పిల్లల్ని చూసుకోమ్మా" అన్నారాయన. ఆ వారం ఇప్పటికి ముప్పై ఏడేళ్ళయింది. గురువుగారు లేవలేదు, పిల్లలు వస్తూనే ఉన్నారు. వాళ్ళు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని కూడా తెచ్చి చేర్చారు. తకిట టీచరు మళ్ళీ వేదిక ఎక్కలేదు. ఎక్కాలని ఉండేదా అంటే, ఉండేది. కానీ ఆ మాట పైకి అనే అలవాటు ఆమెకు లేదు.

క్లాసుగది పొడుగ్గా ఉండేది. ఒక పక్క మూడు కిటికీలు, రెండో పక్క పిల్లల సంచులకు మేకులు. ముందు ఆమె చెక్క దిమ్మ, దాన్ని కొట్టే కర్ర, వెన్ను లేని పీట. అద్దం మాత్రం లేదు. డాన్సు క్లాసులో అద్దం లేకపోవడమేమిటని పిల్లల తల్లులు అడిగితే, "అద్దం పెడితే మొహాలు చూసుకుంటారు. కాళ్ళు ఎవరు చూసుకుంటారు?" అనేది. అక్కడితో ఆ విషయం అయిపోయేది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మా అక్క అని తమ్ముడు అంటుండేవాడు. అది నిజమే గానీ, నాట్యం విషయంలో చాలాసార్లు లెక్కపెట్టి చూస్తే ఆ కుందేలుకి మూడు కాళ్ళే తేలేవి. అందుకని ఆమె ధీమా ఏటికేడు పెరిగింది. పిల్లలెవరైనా అడుగు తప్పి, గజ్జె బిగిసిందనో నేల జారుతోందనో అంటే, "ఆడలేక మద్దెల ఓడు అందట నీలాంటిదే" అని మళ్ళీ మొదటి నుంచి చేయించేది. తనకు అడుగు తప్పడమన్నది లేదని ఆమె గట్టి నమ్మకం.

తమ్ముడి కూతురు ఒక్కతే ఆమెతో వాదించగలిగేది. ఆ పిల్ల ఆరేళ్ళకి క్లాసులో చేరి పన్నెండేళ్ళకి మానేసింది, అది కూడా అత్తతో వాదించే. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళ వంతులు రాసుకునే ఉద్యోగం. పేషెంటు లోపల నోరు తెరిచిన ప్రతిసారీ ఈమె బయట నోటుబుక్కు తెరిచేది. అలా మూడేళ్ళలో ఒక నవల రాసింది. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా వయసున్న పిల్లలు చదివే మాయల నవల. అందులో భూమి కింద ఒక రాతి నగరం, ఆ నగరానికి ఏడు తలుపులు. ఏ తలుపుకీ గడియ ఉండదు. పదహారేళ్ళ పిల్ల ఒకతి నాట్యం చేస్తే అవి తెరుచుకుంటాయి, ఒక్కో తలుపుకి ఒక్కో అడుగు. కుడికాలు ముందు పడితే తలుపు తెరుచుకుంటుంది. ఎడమకాలు ముందు పడితే తలుపు వెనకాల నిద్రపోతున్న రాతిమనుషులు లేస్తారు.

రాతప్రతి అత్తకు చదవడానికి ఇచ్చింది. అత్త ఎర్ర పెన్సిలు తీసుకుంది.

"ఇక్కడ నీ పిల్ల చేత్తో ముద్ర పట్టి మంటలు విసిరిందే, ఆ ముద్రతో చెయ్యి అలా విసిరితే మంటలు రావు. మణికట్టు బెణుకుతుంది."

"అది మాయ అత్తా."

"మాయ అయితే ఏం, మణికట్టు మణికట్టు కాదా? ఇక్కడ చూడు. మూడు పేజీలు ఆ పిల్లని మోకాళ్ళు వంచి నిలబెట్టావు. మధ్యలో వాళ్ళ నాన్న కథ, తాత కథ. పాపం దాని మోకాళ్ళేం కావాలి?"

"చదివేవాళ్ళు మోకాళ్ళ గురించి ఆలోచించరు."

"ఆడినవాళ్ళు ఆలోచిస్తారు. ఆడనివాళ్ళకి కూడా తెలిసిపోతుంది, ఎలాగో మరి."

ఇద్దరూ రెండు నెలలు అలా కొట్టుకున్నారు. చివరికి ఆ పుస్తకంలో నాట్యం, వంట తెలిసినవాడు వంట గురించి చెప్పినట్టు తయారైంది. ఊరికే అద్భుతం అని వదిలెయ్యకుండా, ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎక్కడ ఊపిరి ఆపాలో కూడా అందులో ఉంది. ఒక ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. అక్కడి సంపాదకురాలు ఒకే ఒక షరతు పెట్టింది. ఏడు తలుపులకీ ఏడు బొమ్మలుండాలి, బొమ్మల్లో నాట్యం తప్పు ఉండకూడదు. అంతకు ముందు ఒక పుస్తకంలో నాట్యం ఇష్టమొచ్చినట్టు గీయించి, ఆవిడ ఆరునెలల పాటు ఉత్తరాల్లో తిట్లు తిన్నది. "మా అత్త చూస్తుంది. ఆవిడ కాలు తప్పదు" అని మేనకోడలు మాటిచ్చేసింది. అత్తకి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ రోజు క్లాసు పది నిమిషాల ముందే వదిలేసింది.

బొమ్మలు గీయడానికి వచ్చినాయన ముప్పై ఏళ్ళు షాపులకు బోర్డులు రాశాడు. మందుల షాపులు, టైర్ల షాపులు, కళ్ళజోళ్ళ షాపులు. ప్లాస్టిక్ బోర్డులు మిషన్లలో వస్తుండటంతో ఆ పని పోయింది. పుస్తకానికి గీయడం ఇదే మొదలు. అందరూ ఆయన్ని బోర్డులాయన అనేవారు, ఆయన కూడా ఫోనెత్తి అదే చెప్పేవాడు. మాటలు తక్కువ. మొదటి వరస పిల్లలు కూర్చునే చోట చాప మీద కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, "మీరు ఆడుతూ ఉండండమ్మా. నేను చప్పట్లు కొట్టినప్పుడు ఎలా ఉంటే అలా ఆగండి" అన్నాడు.

తకిట టీచరు ఆయన ఎదురుగా నిలబడి, నోటితో జతులు చెప్పుకుంటూ ఆడింది. "మొదటి తలుపు. కుడికాలు" అని కాలు వేసింది. చప్పట్లు. ఆగింది. "రెండో తలుపు. కుడికాలు." మళ్ళీ చప్పట్లు. మూడు సాయంత్రాలు అలా జరిగింది. ఆయన ఆ శరీరం మీద పదహారేళ్ళ పిల్ల మొహం గీశాడు, ఎడమ కనుబొమ మీద కథలో చెప్పిన గాటు పెట్టాడు, వెనక రాతి తలుపు నిండా చెక్కుడు అక్షరాలు రాశాడు. అక్షరాలు ఆయన చేతిలో పనే కదా, తలుపులు నిజంగా చెక్కినట్టే వచ్చాయి. ఏడు బొమ్మలూ తెచ్చి చూపిస్తే తకిట టీచరు ఒక్కోదాన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది. వేళ్ళు చూసింది, మెడ చూసింది, నడుము చూసింది. ప్రతి బొమ్మ కిందా "సరి" అని రాసి సంతకం పెట్టింది.

నిజం చెప్పాలంటే ఆమె చూసింది కాళ్ళని కాదు. తనని. వేదిక మీద నుంచి దిగినప్పటి తనని. శిష్యురాలి బొమ్మ అయ్యుంటే రెప్పపాటులో తప్పు పట్టేసేది. తన బొమ్మలో తప్పు వెతికేవాళ్ళు లోకంలో తక్కువ, ఆమె ఆ తక్కువమందిలో లేదు.

ప్రూఫులు వచ్చిన మంగళవారం మేనకోడలు ఉద్యోగం నుంచి తిన్నగా క్లాసుకి పరిగెత్తుకొచ్చింది. మొదటి తలుపు బొమ్మను గోడ మీద సంచుల మేకుకి గుచ్చింది. పిల్లలంతా మూగారు. అందులో ముందుపళ్ళు రెండూ ఊడిన ఏడేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఆ బోసినోటి పిల్ల బొమ్మ ముందు నిలబడి అలాగే కాలు పెట్టి చూసుకుంది. మళ్ళీ తీసి ఇంకో కాలు పెట్టింది. పెట్టి, "టీచర్, ఈ అక్క మీలాగా చేస్తోంది. మాలాగా కాదు" అంది.

"నాలాగా చేస్తే మంచిదే కదే" అంది టీచరు.

"మేం ఈ కాలు వేస్తాం కదా" అని ఆ పిల్ల తన కుడికాలు చూపించింది. "అక్క ఆ కాలు వేసింది. మీరు వేసేది."

పిట్ట కొంచెం, కూత ఘనం. తకిట టీచరు బొమ్మ వైపు చూసింది. బొమ్మలో పిల్ల ఎడమకాలు ముందుకు వేసి ఉంది.

ఎదురుగా నిలబడి నేర్పేవాళ్ళ సంగతి ఇది. పిల్లలు టీచర్ని చూసి చేస్తారు. టీచరు కుడికాలు వేస్తే ఎదురుగా ఉన్న పిల్లలకు అది ఎడమవైపు కనిపిస్తుంది, వాళ్ళు ఎడమకాలు వేసేస్తారు. అందుకని టీచరు నోటితో కుడి అంటూ తన ఎడమకాలు వేస్తుంది. చెయ్యి, మెడ, చూపు, అన్నీ అలాగే తిప్పి చేస్తుంది. మొదటి నెల తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. తకిట టీచరుకి ముప్పై ఏడేళ్ళుగా అదే అలవాటు. బోర్డులాయన పిల్లలు కూర్చునే చోట కూర్చున్నాడు. ఆమె పిల్లలకు నేర్పినట్టే ఆయనకూ నిలబడింది. ఏడు బొమ్మలూ ఎడమే.

పిల్లల్ని పంపేసి, మేనకోడల్ని కూడా ఏదో పని చెప్పి కిందికి పంపి, ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. "కుడి" అంది. ఎడమకాలు కదిలింది. మళ్ళీ అంది. మళ్ళీ ఎడమే. పళ్ళు బిగించి, కాలు వైపు చూస్తూ, కుడికాలు ఎత్తి పెట్టింది. పెట్టగలిగింది. కానీ ఆ వెంటనే చెయ్యి ఎటు పోవాలో తెలియలేదు, నడుము కర్రలా బిగుసుకుపోయింది. కొత్తగా చేరిన పిల్ల ఇలా నిలబడి ఉంటే సాయంత్రం దాకా తిట్టేది. ఆమెకు భయం వేసింది. పదిహేడేళ్ళు కష్టపడి నేర్చుకున్న నాట్యం ఎక్కడో పడిపోయింది, పడిపోయినట్టు కూడా తనకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే సంపాదకురాలు మేనకోడలికి ఫోన్ చేసింది. మేనకోడలు మెట్లు ఎక్కి వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

"బొమ్మలన్నీ ఎడమకాలట అత్తా. రాతలో కుడి, బొమ్మలో ఎడమ. నా కథ ప్రకారం ప్రతి తలుపు దగ్గరా రాతిమనుషులు లేచి ఆ పిల్లని మొదటి అధ్యాయంలోనే తినేస్తారు. బోర్డులాయన తిప్పి గీశాడంటున్నారు. ఆయన్ని తీసేసి ఇంకొకరితో గీయిస్తారట. పుస్తకం వచ్చే ఏడాదికి వాయిదా."

"బోర్డులాయన ఏమన్నాడు?"

"నేనే పొరపాటు పడి ఉంటాను, ఇదివరకు మనుషుల్ని గీయలేదు కదా అన్నాడట. పాపం."

తకిట టీచరు గోడ మీది బొమ్మ వైపు చూసింది. ఊరుకుంటే సరిపోతుంది. బోర్డులాయన తప్పు ఒప్పేసుకున్నాడు, తన మాట నిలబడుతుంది, పుస్తకం ఏడాది ఆగినా వస్తుంది. మేనకోడలికి మాత్రం ఏడాది ఆగిన పుస్తకం మీద నమ్మకం లేదని ఆ మొహమే చెబుతోంది. ఆడలేక మద్దెల ఓడు అని ముప్పై ఏడేళ్ళు పిల్లల్ని తిట్టిన నోరు ఇప్పుడు మద్దెలాయన్ని పంపించేసి ఊరుకోవాలి. అది ఆమెకు చాతకాలేదు.

"చెప్పులేసుకో" అంది. "ఆవిడ ఆఫీసుకి పోదాం."

ఆఫీసు నిండా కాగితం కట్టలు, వాటి మధ్య ఒక బల్ల, బల్ల వెనక సంపాదకురాలు. కూర్చోమంది. తకిట టీచరు కూర్చోలేదు.

"బోర్డులాయన సరిగ్గానే గీశాడండీ. తప్పుగా నిలబడింది నేను. ఆ తప్పు కింద సరి అని సంతకం పెట్టింది కూడా నేనే."

సంపాదకురాలు కళ్ళజోడు తీసింది. "ముప్పై ఏడేళ్ళుగా నేర్పుతున్నారు. కుడి ఎడమలు తెలియకుండా..."

"ముప్పై ఏడేళ్ళుగా నేర్పుతున్నాను కాబట్టే. లేవండి. ఇలా వచ్చి నా ఎదురుగా నిలబడండి. నేను కుడి అంటాను, నన్ను చూస్తూ నాతోపాటు వెయ్యండి."

ఆవిడ లేచింది. తకిట టీచరు గొంతులో అలాంటి గుణం ఉంది, కూర్చున్నవాళ్ళు లేస్తారు. "కుడి" అంది టీచరు. ఇద్దరూ కాలు వేశారు. సంపాదకురాలు కిందికి చూసింది. తన కుడికాలు, ఎదురుగా టీచరు ఎడమకాలు. రెండు పాదాలూ బొటనవేలుకి బొటనవేలు తగిలేలా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు అలాగే చూసి, "అయ్యో" అంది.

"కంప్యూటర్లో బొమ్మలు తిప్పేస్తే సరిపోదా?" అంది మేనకోడలు.

సంపాదకురాలు తల అడ్డంగా ఊపింది. "తిప్పితే తలుపుల మీద అక్షరాలన్నీ తిరగబడతాయి. కనుబొమ మీద గాటు కుడివైపుకి పోతుంది. నీ కథంతా ఆ గాటు చుట్టూ తిరుగుతుంది కదమ్మా." కాలెండరు చూసింది. "సోమవారం పది గంటలకి ప్రెస్సుకి ఇవ్వాలి. ఈలోపు ఏడు బొమ్మలు మళ్ళీ గీసి తెస్తే వేస్తాను. తేలేకపోతే వచ్చే ఏడాదే. ఇంతకంటే నా చేతిలో లేదు."

"తెస్తాం" అంది తకిట టీచరు. ఎలా తెస్తుందో ఆమెకు తెలియదు. అయినా ఆ మాట గట్టిగానే అంది.

బోర్డులాయన కబురందగానే వచ్చాడు. జరిగింది విని ఒక్క మాటే అన్నాడు. "శనివారం మధ్యాహ్నానికి పెన్సిలు గీతలు చేతికొస్తే సోమవారానికి సిరా పూర్తి చేస్తాను. నిద్ర సంగతి తర్వాత చూసుకుందాం." క్షమించమని ఆమె అడగబోతే, పెన్సిలు చెక్కుకుంటూ, "టైర్ల షాపు బోర్డు మీద నేనొకసారి ఫోన్ నంబరు తప్పు రాశానమ్మా. ఆ నంబరువాళ్ళు రెండేళ్ళు టైర్లు అమ్ముకున్నారు" అన్నాడు. ఆ బుధవారం మొత్తంలో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

గురువారమంతా ఆమె ఆడింది. ఆలోచించకుండా ఆడితే ఎడమ, ఆలోచించి ఆడితే కర్రబొమ్మ. బోర్డులాయన చప్పట్లు కొట్టడానికి చేతులెత్తడం, దించేయడం. కిటికీవైపు తిరిగి ఆడింది, కళ్ళు మూసుకుని ఆడింది, కుడిపాదానికి గుర్తుగా దారం కట్టుకుని ఆడింది. దారం కట్టిన కాలు గౌరవంగా వెనకే ఉండిపోయింది. శుక్రవారం మేనకోడలు పెద్ద తరగతి అమ్మాయిని నిలబెట్టి గీయమంది. ఆ అమ్మాయి చక్కగా నిలబడింది, కుడికాలే వేసింది. బోర్డులాయన నాలుగు గీతలు గీసి ఆపేశాడు. "కాలు సరిగ్గానే ఉందమ్మా. కానీ ఈ పిల్ల కాలు పడితే తలుపు తెరుచుకోదు" అన్నాడు. మేనకోడలు వాదించబోయి మానేసింది. అది ఆమె రాసిన తలుపే, ఆమెకు తెలుసు.

"అత్తా, పోనీలే. వచ్చే ఏడాది వస్తుంది" అంది ఆ సాయంత్రం.

"నోర్ముయ్" అంది అత్త. కానీ గొంతులో బలం లేదు. కింద తమ్ముడు రెండు రోజులుగా ఒక్కసారి కూడా భూకంపం అని అరవలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మామూలు క్లాసు. ఇరవైమందీ మూడు వరసల్లో నిలబడ్డారు. తకిట టీచరు మోకాళ్ళు రెండూ లాగుతుంటే పీట మీద కూర్చుని, ఆడకుండా కర్ర మాత్రం కొట్టింది. బోర్డులాయన చాప మీద అట్ట ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా ఉన్నాడు. పిల్లలు మొదటి అడుగు చేశారు. ఇరవై కుడికాళ్ళు ఒకేసారి నేలకు తగిలాయి. బోసినోటి పిల్ల చివరి వరసలో నాలుక బయటపెట్టి మరీ చేస్తోంది. దానికి పక్కపిల్ల భుజం ఆసరా, ఆ పిల్లకి ఆ పక్కపిల్ల ఆసరా. ఒకతి తడబడితే మిగతావాళ్ళ చప్పుడే దాన్ని లాక్కొచ్చి సరైన కాలు మీద నిలబెడుతోంది.

ఆమె కర్ర ఆపేసింది. లేచింది. పిల్లల మధ్య నుంచి నడిచి చివరి వరసకి వెళ్ళింది. "జరగవే" అని బోసినోటి పిల్ల పక్కన నిలబడి కొంగు దోపుకుంది. ఇప్పుడు ఆమె ఎదురుగా పిల్లలు లేరు, పిల్లల వీపులున్నాయి. ముప్పై ఏడేళ్ళలో ఆ గదిని అటునుంచి చూడటం అదే మొదలు. పీట చిన్నగా, ఒంటరిగా కనిపించింది. బోర్డులాయన ఆమె కాళ్ళు కనిపించేలా చాప ఆ వరస పక్కకి లాక్కున్నాడు.

"ఏయ్, నువ్వు వెళ్ళి ముందు కూర్చో" అంది మేనకోడలితో. "కర్ర అందుకో."

"నేనా? నేను పన్నెండేళ్ళకే మానేశానత్తా!"

"కర్ర కొట్టడానికి అంతకంటే వయసు అక్కర్లేదు. కూర్చో."

మేనకోడలు పీట మీద కూర్చుంది. దిమ్మ ముందుకు లాక్కుంది. కర్ర పడింది. పిల్లలు కదిలారు, తకిట టీచరు కదిలింది. ఎడమ.

"టీచర్, ఆ కాలు కాదు" అంది బోసినోటి పిల్ల.

"తెలుసులేవే."

మళ్ళీ కర్ర. మళ్ళీ ఎడమ. మూడోసారి కూడా ఎడమ పడేసరికి పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేనకోడలు కర్రతో చెక్కను ఒక్కటేసింది. ఆరేళ్ళు తను పడిన తిట్లన్నీ ఆ చేతిలోకి వచ్చినట్టున్నాయి. "ఏమిటా నవ్వు? చివరి వరస, మూడో మనిషి! కాలు వినడం లేదా, చెవి వినడం లేదా? మళ్ళీ మొదటి నుంచి!"

నవ్వులు ఆగాయి. తకిట టీచరుని అలా అన్నవాళ్ళు గురువుగారి తర్వాత ఎవరూ లేరు. ఆమెకు చెంపలు వేడెక్కాయి. కోపం వచ్చిందనుకుంది. కాదు, సంతోషం. చెప్పేవాళ్ళు ముందుంటే తన పని చేయడమొక్కటే.

మోకాళ్ళు వంచింది. కర్ర పడింది. పక్కన చిన్న పాదం నేలను కొట్టింది, దానితోపాటు తన కుడికాలు పడింది. ఆలోచించలేదు. చెయ్యి దాని దారిన అది పోయింది, మెడ తిరగాల్సిన వైపు తిరిగింది, చూపు వేళ్ళ కొసకి వెళ్ళింది. బోర్డులాయన చప్పట్లు కొట్టాడు. ఇరవైమందీ, ఇరవై ఒకటో మనిషీ ఆగారు. పెన్సిలు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

రెండో తలుపు ఒక్కసారికే అయింది. మూడోది రెండుసార్లకి. నాలుగోదానికి మేనకోడలు ఇంకో రెండు తిట్లు తిట్టింది, అందులో ఒకటి అనవసరం. ఐదో తలుపు దగ్గర మెట్ల మీద అలికిడైంది. తమ్ముడు భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, చేతిలో పట్టుకారుతో గుమ్మంలో నిలబడ్డాడు. పైన కర్ర కొడుతున్నది అక్క కాదని చప్పుడులో తేడా కనిపెట్టి వచ్చాడు. కూతురు పీట మీద, అక్క చివరి వరసలో. అక్క ఆడుతుంటే ఎదురుగా నిలబడి చూసి ఆయనకీ ముప్పై ఏడేళ్ళయింది. అక్కడే గడప మీద కూర్చున్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి పట్టుకారు కింద పెట్టాల్సి వచ్చింది.

పదకొండు దాటేసరికి ఏడో తలుపు అయింది. బోర్డులాయన కాగితాలన్నీ వరసగా పేర్చి, ఒక్కో బొమ్మలో కాలు మీద వేలు పెట్టి, "కుడి, కుడి, కుడి" అని ఏడుసార్లు పైకి లెక్కపెట్టాడు. "సోమవారానికి తెస్తాను. సంతకం పెడతారా అమ్మా?"

"నేను పెట్టను. దాన్ని పెట్టమనండి" అని తకిట టీచరు బోసినోటి పిల్ల వైపు చూపించింది. ఆ పిల్ల పెన్సిలు తీసుకుని ఏడు కాగితాల కిందా "సరి" అని రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. బోర్డులాయన కాగితాలు చుట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

మేనకోడలు నిట్టూర్చి, కర్ర దిమ్మ మీద పెట్టి లేవబోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు. "అయిపోయిందత్తా. పుస్తకం వచ్చేస్తుంది. ఇక నీ చోటు నువ్వు తీసుకో."

తకిట టీచరు కదల్లేదు. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఎనిమిదో అడుగు తన ఒంట్లో ఎక్కడుందో ఆమె అప్పుడే వెతుక్కుంటోంది.

"ఎవరు లేవమన్నారు నిన్ను?" అంది.

"ఏడు తలుపులూ అయిపోయాయి కదా!"

"నీ పుస్తకానికి అయిపోయాయి. నేను పదిహేడేళ్ళు నేర్చుకున్నాను, ఇవాళ ఏడు అడుగులు దొరికాయి" అని ఆమె మళ్ళీ మోకాళ్ళు వంచి నిలబడింది. "కూర్చుని కర్ర కొట్టు."